సీజను ముందు బండి దిగాలంటే ఓనరుకు ఎన్ని రోజుల ముందు చెప్పాలి?

కృష్ణలంక_స్టీరింగ్

ఆరేళ్లుగా ఒకే ఓనరు దగ్గర పన్నెండు టైర్ల లారీ నడుపుతున్నాను. ఆయనకు మొత్తం మూడు బండ్లు ఉన్నాయి, ముగ్గురు డ్రైవర్లం, ముగ్గురు క్లీనర్లు. ఎక్కువగా గుంటూరు మిర్చి యార్డు నుంచి కోల్‌కతా వెళ్తాను, తిరిగి వచ్చేటప్పుడు ఏ లోడు దొరికితే ఆ లోడు వేసుకొస్తాను. ఇప్పుడు జగ్గయ్యపేట వైపు సిమెంటు బల్కర్ (విడి సిమెంటు మోసే ట్యాంకరు బండి) మీద ఒక పెద్ద కంపెనీలో పని కుదిరింది. జీతం కొంచెమే ఎక్కువ. కానీ పీఎఫ్ ఉంది, వారంలో రెండు మూడు రాత్రులు ఇంట్లో పడుకోవచ్చు. వాళ్లు ఇరవై అయిదు రోజుల్లో చేరమంటున్నారు.

ఇబ్బంది ఏమిటంటే, రెండు నెలల జీతం 36,000, బత్తా లెక్కలో 9,500 ఓనరు నాకు ఇవ్వాలి. పాప కాలేజీ ఫీజుకు నేను తీసుకున్న 50,000లో ఇంకా 30,000 ఆయనకు నేను ఇవ్వాలి. దానికి ప్రామిసరీ నోటు రాసి ఇచ్చాను. నా లైసెన్సు కార్డు కూడా ఆయన బీరువాలోనే ఉంది. ముందుగా చెబితే డబ్బు ఆపేస్తాడేమోనని భయంగా ఉంది. చెప్పకుండా వెళ్లిపోవడానికి మనసు ఒప్పడం లేదు, ఎందుకంటే మా నాన్న పోయిన రోజు నేను బరంపురం దగ్గర ఉంటే, రాత్రికి రాత్రి ఇంకో డ్రైవర్ను పంపించి నన్ను ఇంటికి చేర్చిన మనిషి ఆయన. పైగా నెల తిరిగేసరికి మిర్చి సీజను మొదలవుతుంది. ఎన్ని రోజుల ముందు చెప్పాలి, నోటితో చెబితే సరిపోతుందా, డబ్బు చేతికి వచ్చాక చెప్పాలా, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

మిర్చిలోడు_గుంటూరు

డబ్బు చేతికి వచ్చేదాకా నోరు విప్పకండి అన్నా. నేను మంచికి పోయి పదిహేను రోజుల ముందు చెప్పాను. మరునాడు పొద్దున ఆఫీసుకు వెళ్లేసరికి నా బండి తాళాలు వేరే అతని చేతిలో ఉన్నాయి. నాకు రావలసిన ఇరవై రెండు రోజుల జీతం కోసం అయిదు నెలలు తిరిగాను, చివరికి అందులో సగం వచ్చింది.

రెండుబండ్ల_ఓనరు

పై మాటతో నేను ఏకీభవించలేను. నేను పదకొండేళ్లు డ్రైవరుగా పనిచేసి, అప్పు చేసి బండి కొనుక్కున్నవాణ్ణి, కాబట్టి రెండు వైపులా తెలుసు. రెండేళ్ల క్రితం మే నెలలో నూజివీడు నుంచి బంగినపల్లి మామిడి లోడు ఢిల్లీ ఆజాద్‌పూర్ మార్కెట్టుకు పంపాను. నాగ్‌పూర్ దాటకముందే మా డ్రైవరు బండిని ఒక ధాబా పక్కన ఆపి, తాళాలు ధాబా అతనికి ఇచ్చి, ఫోను ఆపేసి వెళ్లిపోయాడు. క్లీనరు కుర్రవాడు ఏడుస్తూ ఫోను చేశాడు. నేను ఇంకో డ్రైవర్ను వెంటబెట్టుకుని రైలెక్కి వెళ్లేసరికి రోజున్నర గడిచిపోయింది. లోడు మీద కప్పిన పట్టా ఒక మూల ఎత్తి చూస్తే లోపలి నుంచి ఆవిరి ముఖానికి కొట్టింది, అడుగు పెట్టెల్లో కాయలు పసుపు దాటి మెత్తబడి, చెక్కల సందుల్లోంచి రసం కారి టైరు మీద గడ్డకట్టింది. వ్యాపారి నష్టం చూపించి కిరాయిలో చాలా భాగం కోసేశాడు. ఆ నెల ఫైనాన్సు కంతు కట్టడానికి మా ఇంట్లో బంగారం తాకట్టులోకి వెళ్లింది.

ఆ డ్రైవరుకు నేను పన్నెండు వేలు బాకీ ఉన్న మాట నిజం. అది ఇవ్వకపోవడం నా తప్పే. కానీ బండి దిగే చోటు అది కాదు. ఎక్కడ ఎక్కారో అక్కడే దిగాలి.

పదహారు_టైర్లు

ఓనరు గారూ, మీ బాధ విన్నాక కాదనలేను. కానీ ఒక మాట అడుగుతాను. డ్రైవర్ను తీసేసేటప్పుడు ఎంతమంది ఓనర్లు ముందుగా చెబుతున్నారు? నాకు సంక్రాంతికి ఇంటికి వెళ్లి వస్తే, కనుమ మరునాడు ఫోనులో "ఇక రావద్దులే" అన్నారు. ఆ నెల బియ్యం ఎలా కొనాలో ఎవరూ ఆలోచించలేదు. వ్యవధి ఇవ్వడం ఒక వైపే ఉంటే అది మర్యాద ఎలా అవుతుంది?

రెండుబండ్ల_ఓనరు

ఒక వైపే ఉండకూడదు, ఒప్పుకుంటున్నాను. నేను కూడా ఒకరిని అలాగే పంపించాను. ఆ తరువాత రోడ్డు మీద అతను ఎదురుపడితే తల తిప్పుకోవలసి వచ్చింది. ఇప్పుడు మా దగ్గర రెండు ట్రిప్పుల గడువు అని చెప్పుకున్నాం, నేను మానిపించినా అంతే, వాళ్లు మానినా అంతే.

లాయరుగారి_గుమస్తా

ఇరవై ఏళ్లుగా కార్మిక కేసుల కాగితాలు రాస్తున్నాను కాబట్టి నాకు తెలిసినంత వివరంగా చెబుతాను.

ముందుగా, ఎన్ని రోజులు అన్నది. పెద్ద సంస్థలకు వర్తించే నమూనా స్థాయీ ఉత్తర్వుల (స్టాండింగ్ ఆర్డర్లు, అంటే పని నిబంధనలు) ప్రకారం నెల జీతగాడు నెల రోజుల ముందు, మిగిలినవాళ్లు రెండు వారాల ముందు రాతపూర్వకంగా తెలియజేయాలి, లేదా ఆ కాలానికి జీతం వదులుకోవాలి. మూడు బండ్లు ఉన్న ఓనరుకు ఆ ఉత్తర్వులు వర్తించవు. మీరు ఒప్పంద పత్రం ఏదీ రాసుకోలేదు కాబట్టి, సహేతుకమైన వ్యవధి ఇచ్చారా లేదా అన్నదే ప్రశ్న అవుతుంది. కోల్‌కతా ట్రిప్పు వెళ్లి రావడానికి పట్టే రోజులు, కొత్త డ్రైవర్ను వెతుక్కోవడానికి కావలసిన రోజులు కలిపితే పదిహేను నుంచి ఇరవై రోజులు న్యాయమైన గడువని నా అభిప్రాయం.

రెండవది, జీతం. 2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక స్మృతులు (లేబర్ కోడ్లు) అమలులోకి వచ్చాయి. వాటిలో వేతనాల స్మృతి ప్రకారం పనివాడు రాజీనామా చేసినా, యజమాని తీసేసినా, రావలసిన వేతనం రెండు పనిదినాలలోపు చెల్లించాలి. ఎంతమంది పనిచేస్తున్నారన్న లెక్కతో దీనికి సంబంధం లేదు. చెల్లించకపోతే మూడేళ్లలోపు క్లెయిము వేసుకోవచ్చు. నష్టం జరిగిందని జీతంలో కోత వేయాలంటే, ఆ నష్టం నేరుగా మీ నిర్లక్ష్యం వల్లనే జరిగి ఉండాలి, మీ సంజాయిషీ కూడా వినాలి.

మూడవది, అప్పు. అప్పు తీరేదాకా బండి దిగడానికి వీల్లేదని ఏ ఓనరూ అనకూడదు. అప్పుకు బదులుగా మనిషిని పనిలో కట్టిపడేయడాన్ని 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం నిషేధించింది. అంతమాత్రాన మామూలు చేబదులు రద్దయిపోదు, అది ఇవ్వవలసిందే. అందుకు ఆయన నోటు మీద దావా వేసుకోవచ్చు. మిమ్మల్ని స్టీరింగు ముందు కూర్చోబెట్టమని మాత్రం ఏ కోర్టూ ఆదేశించదు.

చివరగా, దారిలో బండి వదిలేయడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. సరుకు, బండి మీకు నమ్మి అప్పగించినవి. వాటిలో ఏది పోయినా భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షను కింద నమ్మకద్రోహం కేసు పెట్టారంటే, మీకు రావలసిన జీతం సంగతి ఎవరూ వినిపించుకోరు.

మిర్చిలోడు_గుంటూరు

రెండు పనిదినాలని కాగితం మీద ఉంటుంది గుమస్తా గారూ. మా ఓనరు "రేపు రా" అన్న రేపులు లెక్కపెడితే నూట యాభై దాటాయి.

లాయరుగారి_గుమస్తా

మీరు పనిచేసినట్టు, మానినట్టు ఒక్క కాగితమైనా ఉందా? సహాయ కార్మిక అధికారి దగ్గరకు వెళ్తే ఆయన మొదట అడిగేది అదే. "నోటి మాట నీటి మూట" అని పెద్దలు ఊరికే అనలేదు. ఓనరు "అతనే చెప్పకుండా పోయాడు" అంటే మీ దగ్గర సమాధానం ఉండదు. అందుకే కాగితం రాయమంటున్నాను. ఇదిగో, ఇలా రాస్తే చాలు:

"అయ్యా, నేను మీ వద్ద ఆరు సంవత్సరాలుగా డ్రైవరుగా పనిచేస్తున్నాను. నా కుటుంబ అవసరాల వల్ల ఈ తేదీ నుంచి ఇరవై రోజుల తరువాత పని మానదలచుకున్నాను. ఈ లోపల వచ్చే ట్రిప్పు పూర్తి చేసి, బండిని, కాగితాలను, పనిముట్లను విజయవాడలో మీకు అప్పగిస్తాను. అదే రోజున మన ఇద్దరి లెక్క చూసి, నాకు రావలసిన జీతం, బత్తా ఇప్పించవలసిందిగా కోరుతున్నాను."

రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద ఆయన సంతకం, తేదీ తీసుకోండి. సంతకం పెట్టనంటే అదే కాగితం ఫొటో తీసి వాట్సాప్‌లో పంపండి, స్పీడ్ పోస్టులో కూడా పంపండి. అందులో కొత్త కంపెనీ పేరు రాయవద్దు, పాత గొడవలు ఏవీ ఎత్తవద్దు.

ఆటోనగర్_పద్దులు

నేను ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో లెక్కలు రాస్తాను. ఓనరు ఇవ్వాల్సింది 45,500. మీరు ఇవ్వాల్సింది 30,000. తీసివేస్తే మీకు రావలసింది 15,500. ఈ మూడు అంకెలు ఒకే కాగితం మీద ఉండాలి, ఇద్దరి సంతకాలూ ఉండాలి. మీరు ముందుగా జీతం చేతికి అడిగితే ఆయనకు అప్పు గుర్తుకొస్తుంది, మీరే ముందుగా అప్పు మినహాయించుకోమంటే ఆయన మనసు కుదుటపడుతుంది. నలభై వేలకు పైగా డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్న బెంగ పోయి, పదిహేను వేల మాట అవుతుంది.

అన్నింటికంటే ముఖ్యం ప్రామిసరీ నోటు. లెక్క తీరిన క్షణంలో నోటు వెనుక చెల్లు రాయించి, సంతకం, తేదీ పెట్టించి, నోటు మీ చేతికి తీసుకోండి. "బీరువాలో ఉంది, తరువాత చింపేస్తాను" అన్నారంటే, బీరువా తెరిచేదాకా అక్కడే కూర్చోండి. నోటు రాసిన తేదీ నుంచి మూడేళ్లదాకా దానికి ప్రాణం ఉంటుంది.

పాత_స్టీరింగ్_పేట

మాది చిలకలూరిపేట. ముప్పై ఒక్క ఏళ్లు తోలాను, నాలుగుసార్లు బండి మారాను. డబ్బు గురించి, కాగితం గురించి పై వాళ్లు బాగా చెప్పారు. నేను అప్పగింత గురించి చెబుతాను, ఎందుకంటే అసలు గొడవలన్నీ అక్కడే పుడతాయి.

నేను మూడవసారి మారినప్పుడు తాళాలు బల్ల మీద పెట్టి దండం పెట్టి వచ్చేశాను. పది రోజులకు కబురొచ్చింది, వెనుక ఇరుసుకు ఉన్న రెండు కొత్త టైర్లు నేను ఆటోనగర్‌లో అమ్ముకుని పాతవి బిగించానని. రెండు టైర్లంటే ఆ రోజుల్లో నాకు నాలుగు నెలల జీతం. మా క్లీనరు అప్పుడు పదో తరగతి తప్పి వచ్చిన పిల్లవాడు, ఖాళీగా ఉన్నప్పుడల్లా నోటుపుస్తకంలో అదీ ఇదీ రాసుకునేవాడు. టైరు పక్క గోడ మీద అచ్చుపోసి ఉండే నంబరు ఉంటుంది కదా, దాన్ని గుడ్డతో తుడిచి, ఎడమ లోపలిది, ఎడమ బయటిది అంటూ పది టైర్లకూ, స్టెప్నీకీ తేదీతో రాసి పెట్టాడు. ఆ పుస్తకం పట్టుకుని వెళ్లి బండి కింద పడుకుని ఒక్కొక్క నంబరూ చదివి వినిపించాను. అన్నీ సరిపోయాయి. టైరు మారలేదు, అరిగిందంతే. ఆయన ఏమీ మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోయాడు. ఆ పిల్లవాడు రాయకపోయి ఉంటే నేను ఈ రోజుకీ దొంగనే.

ఇప్పుడు అందరి దగ్గరా ఫోన్లు ఉన్నాయి. అప్పగించే రోజు పగటి వెలుగులో, ఓనరో ఆయన మనిషో పక్కన ఉండగా, మీటరులో కిలోమీటర్లు, డీజిలు ముల్లు, ప్రతి టైరు నంబరు, బ్యాటరీలు, జాకీ, రాడ్డు, పట్టాలు, తాళ్లు, అద్దాలు అన్నీ వీడియో తీయండి. ఆర్‌సీ, పర్మిటు, ఎఫ్‌సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితాలు ఏవి ఇచ్చారో రాసి సంతకం తీసుకోండి. ఫాస్టాగ్‌లో ఎంత మిగిలిందో చూపించండి. బండి నంబరు మీద ఏమైనా ఈ-చలానాలు ఉంటే, అవి మీ కాలంలోవి ఎన్నో అప్పుడే తేల్చుకోండి. రాత్రిపూట మాత్రం అప్పగించకండి.

మిర్చిలోడు_గుంటూరు

బాబాయి మాట బంగారం. లైసెన్సు కార్డు సంగతి ఎవరూ మాట్లాడలేదు. ఓనరు ఇవ్వకపోతే పోయిందని పోలీసు స్టేషనులో చెప్పి కొత్త కార్డు తీసుకోవడమే సులువు.

లాయరుగారి_గుమస్తా

దయచేసి అలా చేయవద్దు. బీరువాలో ఉన్నదాన్ని పోయిందని ఫిర్యాదు ఇవ్వడం అబద్ధపు ఫిర్యాదు అవుతుంది, రేపు ఆయన ఆ కార్డు బయటపెడితే చిక్కుల్లో పడేది డ్రైవరే. లైసెన్సు మీ సొంతం, దాన్ని తీసి పెట్టుకునే అధికారం మోటారు వాహనాల చట్టం పోలీసులకు, అధికారం పొందిన అధికారులకు ఇచ్చింది తప్ప యజమానికి ఇవ్వలేదు. డిజిలాకర్‌లో గానీ ఎం-పరివాహన్‌లో గానీ ఉన్న లైసెన్సు అసలు దానితో సమానంగా చెల్లుతుంది. ముందు అది ఫోనులోకి దించుకోండి, తరువాత కార్డు నిదానంగా అడగండి. రాజీనామా కాగితంలో ఒక వాక్యం చేర్చండి: "మీ వద్ద ఉన్న నా డ్రైవింగ్ లైసెన్సు తిరిగి ఇప్పించగలరు." అది ఆయన దగ్గర ఉందనడానికి ఆ వాక్యమే సాక్ష్యం.

ఇంటిలెక్క_తాడేపల్లి

నేను డ్రైవర్ను కాదు, డ్రైవరు భార్యను. మా ఆయన బండి మారిన రెండుసార్లూ ఇంట్లో నాకు చెప్పకుండా మనసులోనే పెట్టుకుని నెల రోజులు నిద్రలేకుండా గడిపారు. నిద్రలేకుండానే బండి తోలారు. అది గుర్తొస్తే ఇప్పటికీ నా గుండె దడదడలాడుతుంది. అందుకని అన్నయ్య గారికి నా మొదటి మాట, ముందు వదినకు చెప్పండి.

రెండవది, ప్రతి ట్రిప్పుకు ఎంత అడ్వాన్సు ఇచ్చారు, డీజిలుకు ఎంత, బత్తా ఎంత, దారి ఖర్చు ఎంత అన్నది నేను క్యాలెండరు వెనుక రాసేదాన్ని. ఆయన ఫోనులో చెప్పేవారు, నేను రాసేదాన్ని. లెక్క చూసే రోజున ఓనరు గారి పుస్తకానికీ నా క్యాలెండరుకూ నాలుగు వేలు తేడా వచ్చింది. ఏ ట్రిప్పు, ఏ తారీఖు, హాల్టింగు ఎన్ని రోజులు అని చదివి వినిపిస్తే, వారి గుమస్తా విశాఖపట్నంలో మూడు రోజుల హాల్టింగు బత్తా రాయడం మరచిపోయాడని తేలింది. ఓనరు గారు మంచివారు కాబట్టి వెంటనే ఇచ్చారు. కానీ మంచివారికైనా చూపించడానికి లెక్క ఉండాలి కదా.

రెండుబండ్ల_ఓనరు

చెల్లెమ్మ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. చాలా గొడవలకు దురుద్దేశం కారణం కాదు, రాయకపోవడమే కారణం.

ట్యాంకర్_కొండపల్లి

పెద్ద కంపెనీలో ఉన్నవాళ్ల కోసం రెండు మాటలు. నేను కొండపల్లిలో ఆయిల్ ట్యాంకరు నడుపుతాను. పాత కంపెనీలో నియామక పత్రంలోనే నెల రోజుల నోటీసు అని ఉంది, ఎవరైనా సంతకం పెట్టేముందు ఆ గీత చదవాలి. నేను మానేద్దామనుకున్నప్పుడు నాలుగేళ్ల పది నెలలు పూర్తయ్యాయి. మా అకౌంటెంటు పక్కకు పిలిచి, ఇంకో రెండు నెలలు ఓపిక పట్టమన్నాడు. పది మందికి తగ్గకుండా పనిచేసే చోట అయిదేళ్లు నిండితే రాజీనామా చేసినవాడికి కూడా గ్రాట్యుటీ వస్తుంది. అప్పుడు నా మూల వేతనం 18,000. దాన్ని 26తో భాగించి, 15తో గుణించి, అయిదేళ్లకు లెక్క కడితే 51,923 వచ్చింది. రెండు నెలలు ఆగడం వల్ల ఆ డబ్బు గురించి ఏ వాదనా లేకుండా పోయింది. దానితో మా అమ్మకు కంటి ఆపరేషను చేయించాను.

పీఎఫ్ ఉన్నవాళ్లు మానిన తేదీని పాత కంపెనీ నమోదు చేసిందో లేదో చూసుకోండి, లేకపోతే బదిలీ ఆగిపోతుంది. కంపెనీ చేయకపోతే చివరి చందా పడిన రెండు నెలల తరువాత మనమే పోర్టల్‌లో నమోదు చేసుకోవచ్చు.

కృష్ణలంక_స్టీరింగ్

మా ఓనరు దగ్గర ఆరుగురమే కాబట్టి నాకు గ్రాట్యుటీ రాదని అర్థమైంది. కొత్త చోట యూఏఎన్ (పీఎఫ్ ఖాతా నంబరు) అడిగారు, ఇప్పుడే మొదటిసారి తీయించుకుంటున్నాను. చెల్లెమ్మ చెప్పినట్టు నిన్న రాత్రి ఇంట్లో చెప్పాను. "ఇదేమి కొత్తా, నీ ముఖం చూస్తే పదిరోజులుగా తెలుస్తోంది" అంది.

ఒక సందేహం ఉంది. ఎల్లుండి యార్డులో లోడు ఉంది. ఆ ట్రిప్పు వెళ్లేముందు చెప్పాలా, వెళ్లి వచ్చాక చెప్పాలా?

పదహారు_టైర్లు

వచ్చాక చెప్పండి. దారిలో ఉండగా ఓనరు మనసు విరిగితే డీజిలు డబ్బులు కూడా వేయడు. నాకు ఆ అనుభవం ఉంది, విజయనగరం దగ్గర ఒకటిన్నర రోజు నిలబడ్డాను.

రెండుబండ్ల_ఓనరు

వెళ్లేముందే చెప్పండి. మీరు వెళ్లి వచ్చే ఆ పది పన్నెండు రోజులే ఆయనకు కొత్త డ్రైవర్ను వెతుక్కునే సమయం. వచ్చాక చెబితే ఆ సమయం వృథా అయినట్టే. "ఏరు దాటే దాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య" అన్నట్టు ఉంటుంది.

ఆటోనగర్_పద్దులు

నేను ఓనరు గారి పక్షమే, కానీ ఒక షరతుతో. లోడు ఎక్కించేముందు చెప్పండి, ఎక్కించాక కాదు. లోడయ్యాక ఈ-వే బిల్లు (సరుకుతో పాటు ఉండవలసిన జీఎస్టీ రవాణా పత్రం) గడువు నడుస్తూ ఉంటుంది, ప్రతి రెండు వందల కిలోమీటర్లకూ ఒక రోజు చొప్పున. గుంటూరు నుంచి కోల్‌కతాకు పన్నెండు వందలు దాటుతుంది కాబట్టి ఏడు రోజులే చేతిలో ఉంటాయి. గొడవపడి బండి ఆగితే నష్టపోయేది ఏ పాపమూ ఎరుగని మిర్చి రైతు సరుకూ, వ్యాపారీ. చెప్పిన తరువాత ఆయన ముఖం చూడండి. పంపిస్తానంటే దారి ఖర్చు, డీజిలు డబ్బు ముందే తీసుకుని వెళ్లండి. వద్దంటే ఖాళీ బండి అప్పగించడం ఎంతో తేలిక.

పదహారు_టైర్లు

ఖాళీ బండి మాట బాగుంది. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఏలూరురోడ్డు_23

ఒక్క విషయం ఎవరూ చెప్పలేదు. ఆరేళ్లలో ఎప్పుడైనా చిన్న ప్రమాదం కేసు అయ్యిందా? నేను పాత ఓనరు దగ్గర ఉన్నప్పుడు ఏలూరు దాటాక ఒక సైకిలును తాకించాను, అతనికి కాలు విరిగింది. ఓనరే లాయర్ను పెట్టాడు, జామీను ఇప్పించాడు. తరువాత నేను బండి దిగిపోయి, ఫోను నంబరు మార్చి, కేసు సంగతి మరచిపోయాను. ఓనరు ఇంటికి వచ్చిన సమన్లు నాకు చేరలేదు. రెండేళ్ల తరువాత ఒక తెల్లవారుజామున మా అత్తగారింటి ముందు పోలీసులు వారంటుతో నిలబడ్డారు. పిల్లల ముందు బండి ఎక్కించారు. ఓనరు మారినా కేసు డ్రైవరు పేరు మీదే ఉంటుంది. ఎఫ్‌ఐఆర్ ప్రతి, కేసు నంబరు, తరువాతి వాయిదా, లాయరు ఫోను నంబరు ఇవన్నీ తీసుకోకుండా ఎవరూ బండి దిగవద్దు.

కృష్ణలంక_స్టీరింగ్

నాకు తుని దగ్గర ఒకటి ఉంది, లోక్ అదాలత్‌లో రాజీ అయిపోయింది. కానీ ఆ కాగితం నా దగ్గర లేదు. మంచి మాట గుర్తుచేశారు తమ్ముడూ, అడుగుతాను.

ఇంటిలెక్క_తాడేపల్లి

మీ క్లీనరు సంగతి ఏమిటి అన్నయ్య గారూ? మీరు దిగితే అతనూ దిగవలసిందేనా?

కృష్ణలంక_స్టీరింగ్

అదే నన్ను ఎక్కువ బాధపెడుతోంది. పంతొమ్మిదేళ్లవాడు, మాది ఒకే వీధి. బల్కర్ కంపెనీలో క్లీనర్లను తీసుకోరు. కొత్త డ్రైవరు తన మనిషిని తెచ్చుకుంటే వీడికి పని ఉండదు.

పాత_స్టీరింగ్_పేట

అతనికి కారు లైసెన్సు ఉందా? అది తీసుకుని ఏడాది నిండితే, ఇరవై ఏళ్లు వచ్చాక రవాణా వాహనానికి ఎల్‌ఎల్‌ఆర్ పెట్టుకోవచ్చు. మీరు రాసే కాగితంలో కాకపోయినా, నోటితో చెప్పేటప్పుడు ఆ పిల్లవాణ్ణి ఉంచుకోమని ఓనర్ను అడగండి. బండి రోగాలన్నీ తెలిసినవాడు ఒకడు మిగిలితే ఓనరుకే లాభం.

కృష్ణలంక_స్టీరింగ్

పద్దెనిమిది రోజుల తరువాత రాస్తున్నాను.

లోడుకు ముందు రోజు సాయంత్రం కాగితం పట్టుకుని వెళ్లాను. ఆయన చదివి, కళ్లద్దాలు తీసి, చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత "ఇంట్లో మనిషిలా ఉండిపోతావని అనుకున్నాను" అన్నారు. సంతకం మాత్రం పెట్టలేదు, మన మధ్య కాగితాలేమిటని నొచ్చుకున్నారు. ఆయన ముందే ఫొటో తీసి వాట్సాప్ చేశాను. "సరే" అని ఒక్క మాట తిరిగి పంపించారు. గుమస్తా గారిని ఫోనులో అడిగితే ఆ ఒక్క మాట చాలన్నారు.

కోల్‌కతా వెళ్లి వచ్చాను. అప్పగింత నిన్న ఉదయం ఆటోనగర్‌లో జరిగింది. పన్నెండు టైర్ల నంబర్లు, స్టెప్నీ, రెండు బ్యాటరీలు వీడియో తీశాం. పట్టాలు మూడు ఉండాలి, రెండే ఉన్నాయి. మూడవది ఒడిశాలో గాలికి చిరిగితే నేనే పారేశాను, ఆయనకు అప్పుడు చెప్పలేదు. ఆ తప్పు నాదే కాబట్టి రెండు వేలు తగ్గించుకోమన్నాను, ఆయన వెయ్యి తగ్గించారు. పద్దుల అన్న చెప్పినట్టు నేనే ముందు అప్పు మినహాయించుకోమన్నాను. మిగిలిన 14,500లో పది వేలు చేతికిచ్చి, 4,500 శుక్రవారం ఇస్తామన్నారు, కాగితం మీద రాశారు. నోటు వెనుక చెల్లు వేయించుకున్నాను. లైసెన్సు కార్డు, లోక్ అదాలత్ కాగితం కూడా ఇచ్చారు.

కొత్త డ్రైవరు నర్సరావుపేట అబ్బాయి. ఎడమ వైపు బ్రేకు కొంచెం లాగుతుందని, మూడవ గేరు చలికాలం పొద్దున్నే మొండికేస్తుందని, గేరు రాడ్డును ఒకసారి వెనక్కి తెచ్చి వేస్తే పడుతుందని, పక్కన కూర్చుని బెంజి సర్కిల్ దాకా తోలించి చూపించాను. క్లీనరును ఉంచుకున్నారు. తిరిగి వచ్చాక వాడు బండి ముందు అద్దానికి కట్టిన పాత నిమ్మకాయలు, మిరపకాయలు తీసి కొత్తవి కట్టాడు.

మిర్చిలోడు_గుంటూరు

శుక్రవారం 4,500 వచ్చాయో లేదో తప్పకుండా రాయండి అన్నా. నేను కూడా మా పాత ఓనరుకు వాట్సాప్‌లో లెక్క రాసి పంపించాను, మూడేళ్లు ఇంకా దాటలేదు.

కృష్ణలంక_స్టీరింగ్

వచ్చాయి. గురువారమే క్లీనరు చేతికిచ్చి ఇంటికి పంపించారు.